మినీ ట్రాక్టర్‌ను ఇంటి దగ్గరే మధ్యకు విడదీసి గేరుబాక్సు బాగుచేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

లారీకి ఉన్నట్టు ట్రాక్టరుకు విడిగా ఛాసిస్ (బండిని మోసే చట్రం) ఉండదు. ముందు ఇంజను, దాని వెనుక క్లచ్ హౌసింగ్, ఆ తరువాత గేరుబాక్సు, చివర డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకు బలాన్ని పంచే గేర్ల అమరిక) ఉన్న వెనుక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, ఆ బిగింపే బండికి వెన్నెముకగా నిలుస్తుంది. అందుకే చిన్న క్లచ్ ప్లేటు మార్చాలన్నా, గేరుబాక్సు ముందు సీలు వేయాలన్నా బండిని మధ్యకు విడదీయక తప్పదు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి సాళ్ల మధ్య అంతరకృషికి, దుగ్గిరాల వైపు పసుపు పొలాల్లో, కృష్ణా డెల్టాలో దమ్ముకు తిరిగే 15 నుంచి 30 హెచ్‌పి మినీ ట్రాక్టర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. బండి తేలికగా ఉంటుంది కాబట్టి, సరైన ఆధారాలు ఉంటే ఈ పనిని షెడ్డులోనే చేసుకోవచ్చు. అయితే ఇది కండబలంతో అయ్యే పని కాదు. రెండు ముక్కలలో బరువు ఎటు వాలుతుందో ముందే తెలుసుకుని, విడదీసేటప్పుడూ కలిపేటప్పుడూ రెండింటినీ ఒకే గీతమీద నిలపగలగడమే ఇందులోని అసలు విద్య. బోల్టులు విప్పడం ఎవరికైనా వస్తుంది.

విడదీసే ముందు: లోపం నిజంగా లోపలే ఉందా?

గేరు పడేటప్పుడు కరకరమన్నంత మాత్రాన గేరుబాక్సు పాడైందని అనుకోకూడదు. చాలాసార్లు క్లచ్ పూర్తిగా వదలకపోవడమే దానికి కారణం. ముందుగా క్లచ్ పెడల్‌కు ఖాళీ ఆట ఎంత ఉందో స్కేలుతో కొలవాలి. ఎక్కువ బండ్లలో అది 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది గాని, మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. ఆట ఎక్కువైతే క్లచ్ సగమే వదులుతుంది, గేర్లు రాసుకుంటాయి. రాడ్డు సర్దితే పోయే ఈ లోపానికి బండిని విప్పడం శుద్ధ దండగ. వర్షాకాలమంతా కదలకుండా నిలిపిన బండిలో క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుపోవడం కూడా మామూలే. పెడల్‌ను పూర్తిగా నొక్కి, చెక్క అడ్డం పెట్టి ఒక రాత్రి ఉంచితే కొన్నిసార్లు అది ఊడివస్తుంది.

తరువాత శబ్దాన్ని వినాలి. ఇంజను నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో ఉండి, పెడల్ వదిలినప్పుడు గుర్రుమనే శబ్దం వచ్చి, పెడల్ నొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానించాలి. అలా కాకుండా పెడల్ నొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగు (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను నెట్టి వదిలించే బేరింగు) అరిగిందని భావించవచ్చు. నడుస్తుండగా గేరు దానంతటదే బయటకు జారిపోతుంటే, షిఫ్టర్ ఫోర్కు (గేరును పక్కకు జరిపే పంగ) అరుగుదలనో, గేరును పట్టి ఉంచే గోళీ, స్ప్రింగు బలహీనతనో ముందుగా చూడాలి. చాలా బండ్లలో ఇవి పైమూత విప్పితేనే కనిపిస్తాయి కాబట్టి, పైమూత తీయకుండా బండిని రెండు ముక్కలు చేయడం తొందరపాటు అవుతుంది.

క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి కారే చుక్కను తెల్లటి గుడ్డమీద పట్టి చూడండి. నల్లగా, మాడు వాసనతో ఉంటే ఇంజను వెనుక సీలు పోయింది. తేనెరంగులో ఉంటే గేరుబాక్సు ముందు సీలు పోయింది. రెండింటికీ బండి విడదీయాల్సిందే గాని, కొనవలసిన సామాను వేరు. దమ్ము చేసేటప్పుడు ఈ రంధ్రానికి బిరడా బిగించి, పని కాగానే తీసేయడం అవసరం. బిగించకపోతే బురద నీరు క్లచ్‌లోకి వెళుతుంది, తీయడం మరిచిపోతే కారిన నూనె లోపలే నిలిచి ప్లేటును తడుపుతుంది.

చివరిగా గేరుబాక్సు నూనె. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉండడం సహజమైన అరుగుదలే. గోరుకు తగిలే రజను, పన్ను ముక్క, బేరింగు కేజ్ తునక కనిపిస్తే మాత్రం ఇక బండి నడపకూడదు. నూనె పాల రంగులోకి మారితే నీరు చేరిందన్నమాట. దమ్ము చక్రాలు కట్టి లోతు బురదలో తిప్పిన బండ్లలో వెనుక యాక్సిల్ సీళ్ల నుంచో, గాలి రంధ్రం మూత నుంచో నీరు లోపలికి చేరుతుంది. ఆ దారి మూయకుండా గేర్లు మాత్రం మార్చితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే పని చేయవలసి వస్తుంది.

ఇంత పరిశీలించాక కూడా లోపం లోపలే ఉందని తేలితే, ఎక్కడ విడదీయాలో నిర్ణయించుకోవాలి. క్లచ్, రిలీజ్ బేరింగు, ఇంజను వెనుక సీలు పనులకు ఇంజనుకూ క్లచ్ హౌసింగ్‌కూ మధ్య విడదీయాలి. గేర్లు, షాఫ్టుల పనికి చాలా బండ్లలో క్లచ్ హౌసింగ్‌కూ గేరుబాక్సుకూ మధ్య, లేదా గేరుబాక్సుకూ వెనుక హౌసింగ్‌కూ మధ్య విప్పవలసి వస్తుంది. సర్వీస్ మాన్యువల్‌లోని కోత బొమ్మ చూడకుండా దీన్ని ఊహించవద్దు. లోపం క్రౌన్, పినియన్ (వెనుక హౌసింగ్‌లో బలాన్ని చక్రాల వైపు మళ్లించే గేర్ల జత) దగ్గర ఉంటే, ఆ రెండు పళ్ల మధ్య ఖాళీనీ బేరింగులకు ముందుగానే ఇచ్చే బిగింపునూ (ప్రీలోడ్) మైక్రాన్ల లెక్కలో సర్దవలసి ఉంటుంది గనుక, దాన్ని తగిన కొలత సాధనాలున్న వర్క్‌షాపుకు అప్పగించడమే మేలని నా అభిప్రాయం. వారంటీలో ఉన్న బండిని ఇంటి దగ్గర విప్పకూడదు.

చోటు, కాలం, సామాను

మిర్చి కోతలు ముగిసి, మృగశిర కార్తెకు బండి మళ్లీ పొలానికి దిగేలోపు ఈ పనికి మంచి వ్యవధి దొరుకుతుంది. కాని రోహిణి కార్తె వడగాలులకు ఎగిరే దుమ్ము తెరిచిన గేరుబాక్సుకు శత్రువు. కాబట్టి పైకప్పు, కనీసం మూడు వైపుల గోడ లేదా తడక ఉన్న చోటు చూసుకుని, తెరిచిన భాగాలను ఎప్పటికప్పుడు శుభ్రమైన నూలు గుడ్డతో కప్పాలి. ఎండ ముదరకముందే బరువు పనులు ముగించుకోవడం మంచిది, ఎందుకంటే అలసిన చేతులతో జాకీ దగ్గర నిలబడడం ప్రమాదం.

నేల సిమెంటు గచ్చు అయి ఉండాలి. మన నల్లరేగడి మీద స్టాండు పెడితే, పైకి గట్టిగా కనిపించినా బరువు పడ్డాక ఒక కాలు దిగబడుతుంది, బండి పక్కకు ఒరుగుతుంది. గచ్చు లేకపోతే మందపాటి ఇనుప ప్లేట్లు పరిచి, వాటిమీద మట్టం చూసుకుని పనిచేయాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బండి కింద ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. అవి ముందు హెచ్చరించవు, ఒక్కసారిగా పగిలిపోతాయి.

కావలసిన ముఖ్యమైన వస్తువులు ఇవి: ఒక్కొక్కటి 2 టన్నులు మోయగల స్టాండ్లు నాలుగు, 2 టన్నుల ట్రాలీ జాకీ ఒకటి, వీలైతే 1 టన్ను చైన్ పుల్లీ బ్లాకు, దాన్ని మోయగల ఇనుప ముక్కాలి, గట్టి తుమ్మ చెక్క ముక్కలు, సాకెట్లు, రింగ్ పానాలు, టార్క్ రెంచి, సర్‌క్లిప్ ప్లయర్, బేరింగ్ పుల్లర్. ఇంటి దూలానికి చైన్ బ్లాకు వేలాడదీయడం చాలాచోట్ల కనిపిస్తుంది గాని, ఆ దూలం అలాంటి బరువు కోసం వేసింది కాదు. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో వెల్డింగు షాపులకు కొలతలు ఇస్తే, సి ఛానల్‌తో మీ బండి ఎత్తుకు సరిపడే స్టాండ్లు చేసి ఇస్తారు. అదే సమయంలో లేత్ షాపులో రెండు గైడ్ స్టడ్‌లు చేయించుకోండి. హౌసింగ్ బోల్టుల మరకే, 150 నుంచి 200 మి.మీ. పొడవున, తల లేకుండా, కొన కొద్దిగా సన్నగా, స్క్రూడ్రైవర్‌తో తిప్పేందుకు వీలుగా గాటు పెట్టించాలి. ఈ చిన్న కడ్డీలు లేకుండా బండిని తిరిగి కలపడం నరకం.

విప్పడం

బండిని ముందురోజే కడిగి ఆరబెట్టాలి. రోటావేటరు, దమ్ము చక్రాలు, ముందు బరువు దిమ్మెలు, వెనుక కింది లింకులు అన్నీ తీసేయాలి. కొద్దిసేపు నడిపి నూనె వెచ్చబడ్డాక డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి దించాలి. మినీ ట్రాక్టర్లలో గేరుబాక్సు, హైడ్రాలిక్, తడి బ్రేకులు (నూనెలో మునిగి పనిచేసేవి) అన్నింటికీ ఒకే నూనె ఉండడం సాధారణం కనుక, 20 లీటర్ల క్యాన్లు రెండు దగ్గర ఉంచుకోవాలి. పాత నూనెను కాలువలోగాని, బోరు దగ్గర మట్టిలోగాని పోయవద్దు. పాత నూనె కొనేవారికి ఇచ్చేయాలి. గచ్చుమీద ఒలికినదానిమీద రంపపు పొట్టు చల్లి ఊడ్చేస్తే కాలు జారదు.

బ్యాటరీ మైనస్ తీగ మొదట ఊడదీయాలి. తరువాత విడదీసే గీతను దాటి వెళ్లే ప్రతి వస్తువునూ ఒక్కొక్కటిగా గుర్తించి విప్పాలి. వీటిలో బానెట్, పాదపలకలు, స్టార్టర్ తీగలు, వైరింగు జోడింపులు, థ్రాటిల్ రాడ్డు, ఇంజను ఆపే కేబుల్, డీజిల్ గొట్టాలు, హైడ్రాలిక్ పంపుకు వెళ్లే పీల్చే గొట్టం, ఒత్తిడి గొట్టం, పవర్ స్టీరింగు గొట్టాలు లేదా స్టీరింగు డ్రాగ్ లింకు (స్టీరింగు కదలికను ముందు చక్రాలకు చేర్చే కడ్డీ), ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని తొడుగు ఉంటాయి. డీజిల్ ట్యాంకు విడదీసే గీత మీదుగా ఉంటే దాన్ని ఖాళీ చేసి దించాలి. విప్పేముందు ప్రతి జోడింపునూ ఫోన్‌తో ఫొటో తీసి, తీగకూ దాని జోడుకూ ఒకే అంకె రాసిన కాగితం టేపు అంటించండి. విప్పిన హైడ్రాలిక్ గొట్టాల మూతులు ప్లాస్టిక్ బిరడాలతో మూయాలి, ఎందుకంటే అందులోకి వెళ్లిన ఒక్క ఇసుక రేణువు పంపును గీరుతుంది.

బరువును నిలబెట్టడం

ఇక్కడ ఎంత సమయం పట్టినా తొందరపడవద్దు. ఇంజను బరువు ముందు ఇరుసుకు వెనుక వైపు ఉంటుంది, గేరుబాక్సు బరువు వెనుక ఇరుసుకు ముందు వైపు ఉంటుంది. అంటే బోల్టులు వదలగానే రెండు ముక్కలూ విడదీసే గీత దగ్గర కిందికి కుంగాలని చూస్తాయి. అందువల్ల గీతకు రెండు వైపులా, రెండు ముక్కలకూ విడివిడిగా ఆధారం ఉండాలి.

దీనికంటే పెద్ద ప్రమాదం ముందు ఇరుసు దగ్గర ఉంది. ఎగుడుదిగుడు నేలమీద అటూ ఇటూ ఊగేందుకు వీలుగా ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద తిరుగుతుంది. బండి ఒకటిగా ఉన్నంతవరకు వెనుక చక్రాలు దాన్ని నిలబెడతాయి. విడదీసిన మరుక్షణం ఇంజను ఆ పిన్ను మీద పక్కకు దొర్లిపోగలదు. కాబట్టి ఒక్క బోల్టు కూడా వదులు చేయకముందే, యాక్సిల్‌కూ దాన్ని పట్టి ఉంచే ముందు బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా ఏటవాలుగా చెక్కిన తుమ్మ చెక్కలు దిగగొట్టి, అవి జారకుండా తీగతో కట్టాలి. ఇంజనును చేత్తో పక్కకు ఊపి చూడండి. ఏమాత్రం ఊగినా చెక్కలు సరిపోలేదని అర్థం.

ఇంటి పనిలో వెనుక ముక్కను కదలకుండా ఉంచి, ముందు ముక్కను తన చక్రాలమీదే ముందుకు దొర్లించడం సులువైన పద్ధతి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు వేయాలి. గేరుబాక్సు కింద, విడదీసే గీతకు వీలైనంత దగ్గరగా రెండు స్టాండ్లు పెట్టి, బరువు వాటిమీదకు దించాలి. ముందు ముక్క వెనుక కొస కింద ట్రాలీ జాకీ ఉండాలి. ఆయిల్ సంప్ రేకుతో చేసినదైతే జాకీని దానికి తగిలించవద్దు. ఇంజను బ్లాకు వెనుక అంచుకు సరిపడేలా చెక్కిన దిమ్మెను మధ్యలో పెట్టాలి. డ్రాగ్ లింకు విప్పాక ముందు చక్రాలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి కనుక, రెండు టైర్లకూ అడ్డంగా ఒక పలక కట్టి వాటిని నేరుగా నిలపాలి. చైన్ బ్లాకు ఉంటే ఇంజను మీద ఉన్న కొక్కేలకు తగిలించి, వదులు లేకుండా మాత్రమే బిగించాలి. అది జాకీకి తోడు భద్రతగా పనిచేస్తుంది.

విడదీయడం

హౌసింగ్ చుట్టూ ఉన్న బోల్టులు ఒకే పొడవు ఉండవు. ఒక అట్టమీద హౌసింగ్ ఆకారం గీసి, రంధ్రాలు పొడిచి, తీసిన బోల్టును దాని చోటే గుచ్చి ఉంచితే పొరపాటుకు తావుండదు. రెండు పక్కలా ఎదురెదురుగా ఉన్న రెండు బోల్టులను చివరివరకు ఉంచి, మిగిలినవన్నీ తీసి, ఖాళీ అయిన రంధ్రాలలో ఎదురెదురుగా గైడ్ స్టడ్‌లు వేయాలి. జాకీ ఎత్తును సర్దుతూ ఆ రెండు బోల్టులు చేత్తో తిరిగేంత తేలికయ్యేవరకు చూడండి. అవి తేలికగా తిరుగుతున్నాయంటే రెండు ముక్కలూ ఒకే మట్టంలో ఉన్నాయన్నమాట. అప్పుడే వాటిని తీయాలి.

డోవెల్ పిన్నుల (రెండు ముఖాలను సరిగ్గా ఒకే చోట నిలిపే పిన్నుల) పట్టు, పాత గ్యాస్కెట్ పట్టు వదిలించడానికి నైలాన్ లేదా ఇత్తడి సుత్తితో అంచులమీద చిన్నగా తట్టాలి. హౌసింగ్‌లో నెట్టు బోల్టుల రంధ్రాలు ఉంటే వాటిని వాడుకోవాలి. ఉలి, గడ్డపార, స్క్రూడ్రైవర్ రెండు ముఖాల మధ్య దూర్చకూడదు, ఆ గాటు దగ్గర నూనె జీవితాంతం కారుతూనే ఉంటుంది. 5 మి.మీ. సందు తెరుచుకున్నాక కదలిక ఆగిపోతే బలం పెంచకండి, మరిచిపోయిన బోల్టు, తీగ లేదా గొట్టం కోసం వెతకండి. స్టార్టర్ వెనుక, క్లచ్ తనిఖీ మూత లోపల దాగిన బోల్టులు తరచూ మరుపున పడతాయి. సందు పైనా కిందా సమానంగా ఉందో లేదో ప్రతి కదలికకూ చూడాలి. పైన ఎక్కువ తెరుచుకుంటే జాకీ కొంచెం దించాలి, కింద ఎక్కువైతే ఎత్తాలి. ముఖాల మధ్య వేళ్లు ఎప్పుడూ పెట్టవద్దు. షాఫ్టు పూర్తిగా బయటకు వచ్చి, పనిచేసేందుకు 40 నుంచి 60 సెం.మీ. చోటు దొరికాక, ముందు ముక్క కింద కూడా స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు అడ్డుచెక్కలు వేయాలి. హైడ్రాలిక్ జాకీ గంటల తరబడి అదే ఎత్తులో నిలుస్తుందని నమ్మకూడదు.

లోపలి పని

బండి విడిపోయాక, ఏ పని కోసం వచ్చినా సరే, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు (ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొసను మోసేది), ఇంజను వెనుక సీలు, గేరుబాక్సు ముందు సీలు మార్చేయడమే తెలివైన పని. ఆ సామాను ఖర్చు మళ్లీ విడదీసే శ్రమ ముందు లెక్కలోకి రాదు. కొత్త రిలీజ్ బేరింగును డీజిల్‌లో కడగవద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

షిఫ్టర్ రాడ్లు లాగేటప్పుడు గోళీలు, స్ప్రింగులు ఎగిరిపోకుండా రంధ్రం మీద గుడ్డ కప్పి ఉంచాలి. షాఫ్టుపై నుంచి తీసిన ప్రతి గేరునూ, వాషరునూ, షిమ్మునూ (సందు సర్దే పలుచని రేకు) అదే వరుసలో, అదే వైపు ముఖంగా ఒక కడ్డీకి గుచ్చి పెట్టాలి. షిమ్ముల మందాన్ని మైక్రోమీటరుతో కొలిచి రాసుకోవాలి. గేరు పళ్లలో చూడవలసింది బలం మోసే పక్కలు మాత్రమే కాదు, గేరు జతపడే చోట పళ్ల కొసలు గుండ్రంగా అరిగాయేమో చూడాలి. గేరు జారడానికి మూలం తరచుగా అక్కడే ఉంటుంది. ఒక గేరు పాడైతే దానితో జతగా తిరిగే గేరును కూడా మార్చాలి. కొత్త పన్ను, అరిగిన పన్ను కలిస్తే శబ్దం చేస్తూ రెండూ త్వరగా పోతాయి.

పాత బేరింగు మీద చెక్కిన అంకె చూసి కొత్తది తెచ్చుకోవచ్చు. ఎక్కువగా కనిపించే 62 వరుస బేరింగులలో 6204 మొదలుకొని పైఅంకెలకు చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం మి.మీ.లలో వస్తుంది: 6205కు 25, 6206కు 30. అంకె తరువాత సి3 అని ఉంటే లోపలి ఖాళీ మామూలుకన్నా ఎక్కువని అర్థం కాబట్టి, అదే గుర్తున్నది తేవాలి. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ బేరింగు అమ్మేవాళ్లు ఉన్నారు గనుక అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. షాఫ్టుకు ఎక్కించేటప్పుడు లోపలి రింగుమీదే, హౌసింగ్‌లో దించేటప్పుడు బయటి రింగుమీదే ఒత్తిడి పడాలి. సీళ్లు లేని బేరింగును 100 డిగ్రీల దగ్గర నూనెలో వేడిచేస్తే సుత్తి అవసరం లేకుండా షాఫ్టుకు ఎక్కుతుంది. 120 డిగ్రీలు దాటనివ్వకూడదు.

క్లచ్ బిగించేటప్పుడు ప్లేటు ముందు వెనుక ముఖాలు తారుమారు కాకుండా చూసుకుని, పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్కతోనో, లేత్‌లో తీయించిన చెక్క కడ్డీతోనో దాన్ని మధ్యకు తెచ్చాకే ప్రెజర్ ప్లేటు బోల్టులు బిగించాలి.

తిరిగి కలపడం

రెండు ముఖాలనూ పాత గ్యాస్కెట్ ఆనవాలు లేకుండా ప్లాస్టిక్ గీకుడుపలకతో శుభ్రం చేసి, చివరిగా థిన్నర్ గుడ్డతో తుడవాలి. సిలికాన్ వాడే బండి అయితే 2 నుంచి 3 మి.మీ. సన్నటి గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా వేయాలి. ఎక్కువ వేస్తే లోపలికి పిండుకుని ఊడిపోయి, నూనె జల్లెడను మూసేస్తుంది. షాఫ్టు పళ్లకు గ్రీజు పలుచని పొరగా చాలు, మిగులు గ్రీజు తిరిగే వేగానికి క్లచ్ ప్లేటు మీద చిమ్ముతుంది. కొత్త సీలు పెదవి కోసుకుపోకుండా షాఫ్టు పళ్లపై సన్నటి టేపు చుట్టి, సీలు దాటాక తీసేయాలి.

గైడ్ స్టడ్‌లమీదుగా ముందు ముక్కను మెల్లగా వెనక్కి తేవాలి. షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలో కుదరకపోతే, ఒకరు ముందు నుంచి నెడుతుండగా మరొకరు క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో కొద్దికొద్దిగా తిప్పాలి. రెండు క్లచ్‌ల బండిలో వెనుక పీటీఓ షాఫ్టును (రోటావేటరు వంటి పనిముట్లను తిప్పే షాఫ్టు) కూడా తిప్పి చూడాలి. చివరి 10, 15 మి.మీ. దగ్గర ఆగిపోయినప్పుడు బోల్టులు బిగించి లాగేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. క్లచ్ ప్లేటు హబ్ వంగడమో, హౌసింగ్ చెవి పగలడమో ఆ ఒక్క క్షణంలోనే జరుగుతుంది. వెనక్కి లాగి, మట్టం సర్ది, మళ్లీ ప్రయత్నించాలి. ముఖాలు చేతి బలంతోనే పూర్తిగా అతుక్కున్నాక బోల్టులను ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగించాలి. టార్క్ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఇనుప హౌసింగ్‌లో 8.8 గ్రేడు పొడి బోల్టులకు సాధారణ ప్రమాణం ఎం10కి సుమారు 45 నుంచి 50, ఎం12కి సుమారు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు. అల్యూమినియం హౌసింగ్‌కు ఇంతకంటే తక్కువే బిగించాలి. బోల్టులన్నీ బిగిశాకే స్టాండ్లు తీయాలి, యాక్సిల్ దగ్గర పెట్టిన చెక్కలు అన్నిటికంటే చివర తీయాలి.

నూనె నింపి, ప్రయత్నించి చూడడం

సిలికాన్ ఆరేందుకు దాని డబ్బా మీద చెప్పిన వ్యవధి ఇచ్చి, కంపెనీ సూచించిన రకం నూనెనే నింపాలి. తడి బ్రేకులున్న బండిలో మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, పట్టవు. ఇంజను ఆపి ఉండగానే అన్ని గేర్లూ పడుతున్నాయో చూసి, డీజిల్ గొట్టాలలో గాలి తీసి, పెడల్ ఆట సర్దాక స్టార్టు చేయాలి. స్టీరింగును రెండు వైపులా చివరివరకు కొన్నిసార్లు తిప్పితే అందులోని గాలి పోతుంది. హైడ్రాలిక్ లిఫ్టు లేచి దిగాక నూనె మట్టం తగ్గుతుంది కనుక మళ్లీ చూసి నింపాలి. మొదటి రోజు బరువు లేకుండా, చదును నేలమీద తక్కువ గేర్లలో నడిపి, కలిపిన గీత వెంట, అడుగు రంధ్రం దగ్గర తడి ఉందేమో పరిశీలించాలి. కొన్ని గంటల పని తరువాత హౌసింగ్ బోల్టుల బిగువును టార్క్ రెంచితో మరోసారి సరిచూసి, కొత్త గేర్లు వేసిన బండికి 50 గంటలకే నూనె, ఫిల్టరు మార్చి, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతాన్ని మళ్లీ పరిశీలించాలి.